కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళు

మంచం మీద సగం సర్దిన సంచి. చెరోపక్కా అత్తా, కోడలూ.

"ఆ చీర తీసెయ్, బరువు. రెండు జతలు చాలు. డబ్బంతా ఒక్కచోటే పెట్టకు."

"పెట్టలేదత్తయ్యా. సగం సంచి అడుగున, సగం జాకెట్లో."

"చిన్న నోట్లు పైకుండాలి. టిక్కెట్టుకి పెద్ద నోటు తీశావా, కండక్టరు దాన్ని వెలుతురుకి పట్టి చూస్తాడు. తర్వాత నీ మొహం చూస్తాడు."

"చిల్లర లేదంటే?"

"వదిలెయ్. చాక్లెట్లిస్తే పుచ్చుకో. నీ నోరు నాకు తెలుసు. చిల్లర కోసం పోట్లాడిన మనిషిని ఎవరూ మర్చిపోరు."

"ఈ గండం గడవనీండి, మీతోనే పోట్లాడతాను."

"అలాగేలే. కార్డు ఇవ్వు."

"అది... ఉండనీండి, దగ్గరుంటే ధైర్యం. వాడనుగా."

"నీ దగ్గరుంటే వాడతావు. ఇక్కడుంటే నేను వాడతాను. పొద్దున పాలు, పదకొండింటికి కూరలు, రోజూ నువ్వు కొనే షాపుల్లోనే. వాడి ఫోన్లో టింగుమంటూ ఉంటుంది. పెళ్ళాం ఇంట్లోనే పడుందనుకుంటాడు. వాడు ఊరినుంచి దిగేది శనివారం. అప్పటిదాకా నీకు వ్యవధి."

"దిగాక? మిమ్మల్ని ఏం చేస్తాడో..."

"కన్నతల్లిని. కొరుక్కు తింటాడా? చెప్పులేసుకో, బస్సు టైమైంది. కార్డేదీ?"

"వంటింట్లో... వంటింట్లో పెట్టాననుకుంటా."

"మరి జాకెట్ మీంచి చెయ్యి తియ్యవేం?"

"దారిలో డబ్బెవరైనా కొట్టేస్తే? కడుపుతో ఉన్నదాన్ని, అడుక్కు తిననా? ఒక్కసారి గీకితే కొంపలు మునుగుతాయా?"

"అమ్మాయ్, ఇవ్వు."

"ఆయన మొదటి భార్య దర్జాగా కార్డు పట్టుకునే వెళ్ళిందిగా. ఆవిడకేమైంది? ఎక్కడో హాయిగా ఉంది."

"హాయిగా ఉందని ఎవరు చెప్పారు?"

"మీ అబ్బాయే. ఎవడితోనో లేచిపోయిందన్నాడు. మీరూ పక్కనే ఉన్నారు. కాదనలేదు."

"కాదనలేదు."

"అత్తయ్యా?"

"బస్టాండులో మంచినీళ్ళ సీసా కొంది, కార్డు గీకి. వాడిక్కడ భోంచేస్తున్నాడు, నేనే వడ్డిస్తున్నాను. ఫోను టింగుమంది. చెయ్యి కడుక్కుని లేచాడు. సాయంత్రానికి వాడొచ్చాడు. ఆ పిల్ల రాలేదు. మొన్న పధ్నాలుగో తారీకుకి నాలుగేళ్ళు."