జడ్జిగారి కుర్చీ

“పక్కింటి వదిన చెప్పింది బాబూ, మన దేశం మన చేతికొచ్చాక, పట్టుకున్నవాణ్ణి మర్నాడే జడ్జిగారి ముందు నిలబెట్టాలట. నిజమేనా?”

సున్నం వాసన పోని కోర్టు వరండాలో, ఉతికిన చొక్కా ఒకటి పట్టుకుని ఓ తల్లి బంట్రోతును అడిగింది.

“నిజమే పెద్దమ్మా. చట్టంలోనే రాశారు.”

“మరి మావాణ్ణి పోయిన వారం పట్టుకెళ్లారు. అసలే ఆయాసం మనిషి. లాకప్పులో పడుకోలేక కూర్చునే తెల్లారుస్తున్నాడు. ఇదిగో, జడ్జిగారి ముందుకు మాసిన బట్టలతో రాకూడదని చొక్కా తెచ్చాను. వాణ్ణెప్పుడు తెస్తారు?”

“ముందు జడ్జిగారు రావాలిగా.”

“భోజనానికెళ్లారా?”

“అసలు ఈ కోర్టుకు జడ్జిగారిని ఇంకా వెయ్యనేలేదు. కుర్చీ వచ్చింది, బల్ల వచ్చింది, నాకు యూనిఫాం కూడా వచ్చింది. ఆయనొక్కరే రాలేదు. కొత్త కాపురంలో అన్నీ ఒక్కసారే అమరుతాయా పెద్దమ్మా, కాస్త ఓపిక పట్టాలి.”

“కొత్త కాపురమే సరే. పోలీసులు మాత్రం అంత ముందే ఎలా వచ్చారు నాయనా?”