రోజుకొక్క చుట్టు

పొద్దున ఎనిమిదిన్నర దాటింది. హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆఫీసు. గేటు దగ్గర కాపలా ఉన్న లింగమూర్తి; గోడ వెంట ఫుట్‌పాత్ మీద నడిచి వస్తున్న సువార్తమ్మ.

“అమ్మా, ఆగుర్రి. జర ఆగుర్రమ్మా. మిమ్మల్నే.”

“చెవులు వినవడయా ఏంది? ఓ అమ్మా.”

“ఇగో, రోజూ చూసి ఊకున్న గానీ ఇయ్యాల ఊకోను. గీ ఆఫీసు సుట్టు ఎందుకు తిరుగుతున్నరు? సప్పుడు జెయ్యరేంది? అరె, నేను ఆపుతుంటే నన్నే ఆగుమని చెయ్యి చూపెడుతున్నరు.”

“సరే పోండ్రి. ఆ మూలకెల్లి తిరిగి మళ్ళ ఈడికే వస్తరు గద. గీ స్టూలు మీదనే కూసుంట. యాడికి పోతరు.”

“ఆఁ, అయిపోయింది. ఇప్పుడు అడుగు బాబూ.”

“ఇంతసేపు నోట్ల నీళ్ళు పోసుకున్నరా?”

“చుట్టు పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు. అది పద్ధతి.”

“ఏం పద్ధతి?”

“మా ప్రార్థనలో ఒక పద్ధతి. మేం క్రైస్తవులం. వెనకటికి యెరికో అని ఒక ఊరుండేది, దానికి పెద్ద కోటగోడ. ఆ ఊరు మీకిస్తానని దేవుడు తన జనానికి మాటిచ్చాడు. నోరెత్తకుండా ఆరు రోజులు రోజుకొక్క చుట్టు తిరగండి, ఏడో రోజు ఏడు చుట్లు తిరిగి కేక వెయ్యండి అన్నాడు. వేశారు. గోడ కూలిపోయింది.”

“అంటే... గీ బిల్డింగ్ కూలాలెనా?”

“అది కాదు బాబూ...”

“అమ్మా, గిది మొత్తం అద్దాలే. కూలితే ముందుగాల నా నెత్తి మీదనే పడ్తది. మీ దేవునికి చెప్పి జర వెనక దిక్కు కూలగొట్టమనుర్రి.”

“మీ బిల్డింగ్ జోలికి నేను రాలేదు. నీ స్టూలుకేం భయం లేదు.”

“మరి ఏం గోడ కూలాలె?”

“అది నాకూ ఆయనకూ మధ్య ఉన్న సంగతి.”

“ఎవరాయన? మీ ఇంటాయనా?”

“దేవుడు.”

“గిట్లనే తిప్పి తిప్పి చెప్తరు. సరే, మీ సంగతి నాకెందుకు గానీ, రేపటికెల్లి రాకుర్రి. ఆర్డర్ అయ్యింది.”

“ఎవరి ఆర్డరు?”

“పైకెల్లి.”

“పైనంటే?”

“పైనంటే పైననే. పెద్దోళ్ళు. మనకెందుకు ఆ పంచాయితి.”

“ఈ ఫుట్‌పాత్ మీ కంపెనీదా?”

“కాదు. మున్సిపాలిటోళ్ళది.”

“నేను ఎప్పుడైనా గేటు దాటానా?”

“దాటలే.”

“ఎవరినైనా పలకరించానా?”

“నన్నే పలకరియ్యరు, ఇంకొకల్లనా.”

“అయితే రేపు వస్తాను. ఎల్లుండీ వస్తాను.”

“మీరు వస్తే నా కొలువు మీదికి వస్తదమ్మా. ఎందుకు రానిచ్చినవని నన్ను అడుగుతరు.”

“ఆపానని చెప్పు. ఆగలేదని చెప్పు. రెండూ నిజమే కదా.”

“కొట్లాటకే వచ్చినట్లున్నరు మీరు. ఎన్ని దినాలాయె తిరగవట్టి?”

“ఎండలు ముదరకముందు మొదలుపెట్టాను.”

“ఎండలు పోయి వానలు గూడ వచ్చె. ఏడు రోజులే అంటిరి గద?”

“ఏడో రోజు ఏడు చుట్లూ తిరిగాను. గోడ కూలలేదు. మర్నాడు మళ్ళీ ఒకటో రోజు మొదలుపెట్టాను.”

“మళ్ళ కూలలే.”

“కూలలేదు. మళ్ళీ మొదలుపెట్టాను.”

“గట్ల ఎన్నిసార్లు?”

“లెక్కపెట్టడం మానేశాను. లెక్కపెడితే కాళ్ళు నొప్పి పుడతాయి.”

“మరి కేక? ఏడో రోజు కేక వెయ్యాలె అంటిరి. నాకు ఎన్నడు వినవడలే.”

“ఆ బస్టాపు వెనక్కి వెళ్ళి వేస్తాను. ఇక్కడ వేస్తే నువ్వు బెదిరిపోతావని.”

“మంచిగున్నది. నాకోసరం దేవుని పని గూడ ఆపుకున్నరు. నౌకరి కోసరమా అమ్మా? బిడ్డకో కొడుక్కో ఈడ కొలువు రావాలెనా?”

“కాదు.”

“భూమి పోయిందా? మాది గిట్లనే పోయింది. గీ గేటున్న కాడ మా నాయిన జొన్నలేసెటోడు.”

“మాది బాపట్ల వైపు. ఇక్కడ మాకు సెంటు భూమి లేదు. మదీనాగూడలో ఒక గది, ఒక కుట్టుమిషను. అంతే.”

“ఒక మాట చెప్త, తప్పనుకోకుర్రి. ఒక్క దేవుని కాడనే కూసుంటే పని అయితదా? మా ఇంటామెకు మోకాళ్ళ నొప్పులొస్తే నేను ముగ్గురు దేవుళ్ళకు మొక్కిన.”

“తగ్గిందా?”

“తగ్గింది. ముగ్గురిట్ల ఎవరు తగ్గించిండ్రో తెల్వదు. ఎందుకొచ్చిన ఫికరని ముగ్గురికీ కొబ్బరికాయ కొట్టిన.”

“నాకు ఆ వెసులుబాటు లేదు బాబూ. మాటిచ్చింది ఒక్కడే. మాటిచ్చినవాడి గుమ్మం వదిలేసి పక్కింటి గుమ్మంలో కూర్చుంటే ఆ మాట ఎవరు నిలబెట్టుకుంటారు?”

“నిలబెట్టుకోకపోతేనో?”

“నిలబెట్టుకునేదాకా లేవను.”

“దేవునితోని గింత మొండిగ ఉంటరా ఎవరన్న?”

“ముందు మర్యాదగానే అడిగాను. మర్యాదకి పలకలేదు.”

“నిజం చెప్పుర్రి. ఒక్కసారన్న మాట తప్పిండా మీ దేవుడు?”

“తప్పాడు.”

“గదీ. గట్ల చెప్పుర్రి.”

“కాసేపు కూర్చోవచ్చా నీ స్టూలు మీద? కాలు లాగుతోంది.”

“కూసోండ్రి, కూసోండ్రి. నీళ్ళు తాగుతరా? ఇగో.”

“చల్లగా ఉన్నాయి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి... మా ఆయన జీడిమెట్లలో పని చేసేవాడు. కామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. ఆయన లేస్తాడని నాకు దేవుడి వాగ్దానం వచ్చింది. ప్రార్థనలో ఉంటే, నువ్వు ఇప్పుడు మాట్లాడుతున్నంత స్పష్టంగా వినబడింది. మా అబ్బాయికి చెప్పాను. వాడు నాకన్నా గట్టిగా నమ్మాడు. ఆదివారం మా గుళ్ళో, అదే చర్చిలో, లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. వచ్చే ఆదివారం మా నాన్న లేచి వచ్చి మీ మధ్యన కూర్చుంటాడు అన్నాడు.”

“కూసున్నడా?”

“ఆ ఆదివారం పెట్టెలో వచ్చాడు.”

“అయ్యో.”

“సమాధి దగ్గర తలా గుప్పెడు మట్టి వేస్తాం, అది మా ఆచారం. మా వాడి చేతిలోనూ మట్టి పెట్టారు. వాడు గుంటలో వెయ్యలేదు. నా కాళ్ళ దగ్గర పోశాడు. మీ దేవుడు అబద్ధాలకోరు, నువ్వూ ఆయనతో కలిసి నాకు అబద్ధం చెప్పావు, ఇక నీ మొహం చూడను అన్నాడు. చూడలేదు. నాలుగేళ్ళయింది.”

“ఒక్కనాడు గూడ రాలేదా?”

“రాలేదు. ఫోన్ నంబరు మార్చేశాడు. ఉన్న గది మార్చేశాడు.”

“మరి మీరేం జేసిండ్రు?”

“నేనూ దేవుడితో మాట మానేశాను. గుడికి వెళ్ళేదాన్ని, వెనక గోడకి ఆనుకుని నోరు మూసుకుని కూర్చునేదాన్ని. పాట పాడేదాన్ని కాదు. పాస్టరుగారు వచ్చి దైవచిత్తం అన్నారు. ఆ మాట నా దగ్గర అనొద్దండీ అన్నాను.”

“గట్లనే ఉండాల్సుండె. మళ్ళ ఎందుకు పోయిండ్రు ఆయన కాడికి?”

“నేను పోలేదు. ఆయనే వచ్చాడు. ఒకరోజు జాకెట్టు కుట్టుకుంటుంటే, నీ కొడుకు తిరిగొస్తాడు అని వినబడింది. అదే గొంతు. నాకెంత కోపమొచ్చిందో తెలుసా? మొదటి మాటే గంగలో కలిసింది, ఈ రెండో మాట నిన్నెవరు అడిగారని అరిచాను. పక్క వాటా వాసంతి పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టింది, ఎవరితో పోట్లాట పిన్నీ అని.”

“దేవునితోని అని చెప్పిండ్రా?”

“చెప్పాను. నవ్వి వెళ్ళిపోయింది. మా వదిన నవ్వలేదు. నీకొచ్చేవి వాగ్దానాలు కావు, నీ మనసులో కోరికలు, వాటినే దేవుడి మాటలనుకుంటున్నావు అని మొహం మీదే అంది.”

“మీరేమన్నరు?”

“అయ్యుండొచ్చు అన్నాను. కోరికైనా సరే, తీసుకెళ్ళి ఆయన ముందే పెడతాను. ఇంకెక్కడ పెట్టుకోను?”

“అంటే మీకు గూడ నమ్మకం లేదన్నట్టే గద.”

“కొన్ని రోజులు బస్సులో కూర్చుని ఇదంతా పిచ్చి అనుకుంటాను బాబూ. ఈ వయసులో ఈ తిరుగుడేమిటి, ఎవరి గోడలు ఎవరు కూలుస్తారు అనుకుంటాను. అయినా స్టాపు రాగానే దిగుతాను. మొదటిసారి ఆయన్ని వదిలేశాను. ఈసారి వదలను. మాట నిలబెట్టుకుంటావా, లేకపోతే నువ్వు అబద్ధాలకోరువని మా వాడితోపాటు నన్నూ అనమంటావా అని రోజూ అడుగుతున్నాను. ఏదో ఒకటి తేలాలి.”

“మరి గీ ఆఫీసు సుట్టే ఎందుకు? మీ కొడుకు ఈడ పని జేస్తడా?”

“మా తమ్ముడి కూతురు ఉదయశ్రీ చూసిందట, ఈ గేట్లోంచి బయటికి వస్తుంటే.”

“అయితే లోపలికి పోయి అడగొచ్చు గదమ్మా. గింత తిరుగుడెందుకు?”

“అడిగాను. ఆ రోజు ఇక్కడ వేరే అతను ఉన్నాడు, పంపించాడు. లోపల కూర్చున్న అమ్మాయి పైకి ఫోన్ చేసింది. మీ అమ్మగారు వచ్చారండీ అంది. ఫోన్ పెట్టేసి నాకేసి చూడలేకపోయింది. తనకి అమ్మ లేదంటున్నారండీ అంది. అందుకే లోపలికి వెళ్ళను. బయటే తిరుగుతాను. ఈ అద్దాల్లోకి ఎంత చూసినా నా మొహమే నాకు కనబడుతుంది.”

“బయటికెల్లి గట్లనే ఉంటది. లోపలికెల్లి అన్ని కనబడ్తయ్. రోడ్డు మీద కుక్క పోయినా కనబడ్తది.”

“ఉంటుందేమో.”

“పేరేంది మీ కొడుకుది?”

“ఆదర్శ్.”

“ఐదో అంతస్తు ఆదర్శ్ సారా?”

“ఏ అంతస్తో నాకు తెలీదు. పొడుగ్గా ఉంటాడు. నడుస్తుంటే తల కాస్త వంచుతాడు.”

“ఎండ ఎక్కుతుంది. పోయిరార్రి అమ్మా.”

“ఎందుకు గొంతు మారింది?”

“మారలే. ఏం మారలే. రేపటికెల్లి రాకుర్రి. నా మాట వినుర్రి. మీ తమ్ముడు చెప్పిండనుకోండ్రి.”

“తమ్ముడివైతే చెప్పు. నన్ను రానివ్వొద్దన్నది ఎవరు?”

“పైకెల్లి అన్న గద.”

“తమ్ముడూ.”

“వద్దమ్మా. పరేషాన్ అయితరు.”

“మొగుణ్ణి మట్టిలో పెట్టినదాన్ని. అమ్మ లేదన్న మాట నిలబడి విన్నదాన్ని. ఇంకేం చేస్తుంది నన్ను నీ మాట? చెప్పు.”

“ఆదర్శ్ సారే. మొన్న ఆయనే కిందికి దిగొచ్చిండు. ఎన్నడు నాతోని మాట్లాడడు, కార్డు చూపెట్టి తల వంచుకొని పోతడు. ఆ దినం వచ్చి నా ముంగట నిలబడ్డడు. గా తిరిగే ఆమెను రానియ్యకు అన్నడు.”

“ఎలా అన్నాడు?”

“ఇంకెట్ల? కోపంగ.”

“అన్న మాటలు చెప్పు. ఉన్నవి ఉన్నట్టు చెప్పు.”

“రోజు ఎనిమిదిన్నరకు వస్తది అన్నడు. ఆకుపచ్చ సంచి ఉంటది అన్నడు. వెనక మూలకాడ ఆగి మోకాలు పట్టుకుంటది, పోయిన బేస్తారం నాడు ఆడనే గోడ పట్టుకొని చానాసేపు నిలబడ్డది అన్నడు. గా పెద్ద వానల గూడ గొడుగు లేకుండ తిరిగింది, పడిపోతే ఎవరు జూస్తరు, నువ్వేం కాపలా కాస్తున్నవని నా మీదికే లేసిండు. రానియ్యకు, ఆటో పిలిచి ఇంటికి పంపు అన్నడు. మీరు ఆయనకు ఏమైతరో చెప్పలే. నాకేం ఎరుక. ఎరికుంటే మీకు చెప్పకపోదును.”

“గోడ పట్టుకుని నిలబడ్డానని చెప్పాడా?”

“చెప్పిండు.”

“అది నువ్వు చూశావా?”

“నేను గేటిడిచి ఆ దిక్కు ఎట్ల పోత? ఆడ ఎవ్వరుండరు. కిటికీలే ఉన్నయ్. ఏడుస్తున్నరా? అందుకే వద్దన్న. మనసుల పెట్టుకోకుర్రి. ఇగో, మళ్ళ లేస్తున్నరేంది? అమ్మా, బస్టాపు అటు దిక్కు.”

“తప్పుకో తమ్ముడూ. ఇంకో చుట్టు తిరగాలి.”

“రోజుకు ఒక్కటే అంటిరి గద?”

“దేవుడికి రోజుకొక్కటే. ఇది మా వాడికి. నా మొహం చూడనన్నవాడు రోజూ ఆ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడు.”