నాలుగో శిలువ

ఘెంట్ పట్టణం. కొత్త మతం వాళ్ళు చర్చిల్లో బొమ్మలు పగలగొట్టిన మరుసటి ఏడు, వసంతకాలం. చిత్రకారుడు దానీల్ పనిగది. వచ్చింది బీరు కాచే లీవెన్ భార్య అమెల్.

"నాలుగు కాదు దానీలన్నా, మూడే."

"ముందు లోపలికి రా అమెల్. గుమ్మంలోనే మొదలెడితే ఎలా? ఏం మూడు?"

"శిలువలు. చర్చిలో పెట్టే మా కుటుంబం బొమ్మల పలక మీద మూడు వేస్తే చాలు. పోయింది ముగ్గురు పిల్లలు. తనెకెన్, మైకెన్, పొత్తిళ్ళలో పోయిన ఆ పసివాడు. మరి నాలుగోది ఎవరికి?"

"నాలుగని నీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ. చేపల బజారులో కనపడితే, మా పలక పని ఎంతవరకొచ్చింది వదినా అని అడిగా. నాలుగు శిలువలంట, ఎర్రరంగు నూరుకుంటూ కూచున్నాడు అంది. బుట్ట అక్కడే వదిలేసి వచ్చా."

"పియెరీన్ నోటికి గడియ లేదు."

"ఆవిడ నోటి సంగతి తరవాత. లీవెన్ నిన్ను నాలుగు వెయ్యమన్నాడా లేదా?"

"కూర్చో. కాస్త బీరు పొయ్యనా? మీ ఇంటిదే."

"మా బీరు మాకే పోస్తావా? తాగటానికి రాలేదు నేను."

"సరే, కూర్చోనన్నా కూర్చో. ఆగాగు, ఆ పీట మీద చేప ఉంది. తినేది కాదు, చూసి వెయ్యటానికి పెట్టుకున్నా."

"కంపు కొడుతోంది."

"కొట్టదూ మరి. మంగళవారం నుంచి దాన్నే వేస్తున్నా. ఇప్పుడందరికీ ఇవే కావాలి. చేపలు, పందితొడలు, క్యాబేజీలు. మొన్నొక మిరియాల వర్తకుడు వచ్చి వంటగది వెయ్యమన్నాడు. బల్ల నిండా మాంసం ఉండాలంట. మరి ప్రభువుని కూడా పెట్టమంటారా అన్నా. పెట్టు, కానీ వెనక కిటికీలోంచి కనపడేంత పెట్టు, అడిగినవాడికి చూపిస్తాను, అడగనివాడికి కనపడడు అన్నాడు. మరియమ్మ కొంగు మడతలు వెయ్యటం నేర్చుకోవటానికి సగం వయసు పెట్టాను. ఇప్పుడు పొలుసులు లెక్కగా వస్తున్నాయా లేదా అని చూసుకుంటున్నా. పోనీలే, చేపకి మతం లేదు. దాని మీదకి ఎవడూ గొడ్డలి పట్టుకుని రాడు."

"మాట మార్చకన్నా."

"మార్చట్లేదు. నా ఏడుపు చెప్పుకుంటున్నా."

"నీ ఏడుపు ఇంకోరోజు కలిసి ఏడుద్దాం. నాలుగోది గిలిస్‌కేనా?"

"నీ ఎదురుగా ఉన్నది రంగులు పూసేవాడు. ఎవరు ఏం పూయమంటే..."

"గిలిస్‌కేనా అని అడుగుతున్నా."

"పలకలో ఇంకెవరున్నారు చెప్పు. మీ ఆయన ఊళ్ళోనే తిరుగుతున్నాడు. నువ్విక్కడ కూచున్నావు. చిన్నది లీస్‌బెత్ నిన్ననే మా మెట్ల మీద గెంతుతోంది."

"అంటే బతికున్న కొడుకు నెత్తిన శిలువ పెట్టిస్తాడన్నమాట. ఈ ఊళ్ళో ఎవరైనా చేసిన పనేనా అది? తల మీద ఎర్ర శిలువ ఉందంటే ఆ బిడ్డ పోయినట్టు. చదువు రానివాళ్ళు కూడా చదువుకునే మాట అది. పండగకి పలక మళ్ళీ చర్చిలో నిలబెడతారు. ఎదురుగా మోకాళ్ళేసిన ప్రతివాళ్ళూ, అయ్యో లీవెన్ కొడుకు పోయాడా అని వాడి ఆత్మశాంతికి నాలుగు మాటలు గొణుగుతారు. బతికున్నవాడి ఆత్మకి శాంతేమిటన్నా?"

"లీవెన్ని అడిగావా?"

"ఆయన మాట్లాడితే కదా అడగటానికి. ఈ మనిషి అసలు మాట్లాడటం మానేసి చాలా రోజులైంది."

"ఎప్పటి నుంచి?"

"ఆంట్వెర్ప్ పోయొచ్చినప్పటి నుంచి. ఉపవాసాల రోజుల్లో బార్లీ కొనుక్కొస్తానని బండి కట్టుకుని పోయాడు చూడు, అప్పటినుంచి. ఒట్టి బండి తోలుకొచ్చాడు. బార్లీ ఏదంటే ధర నచ్చలేదన్నాడు. ఆ రాత్రి నుంచి బార్లీ మొలకలు ఆరబోసే అటక మీద పడుకుంటున్నాడు. గిలిస్ మంచం విప్పి పైకి మోసుకుపోయి, దాని మీద. వాడి గదికి తాళం వేశాడు. నన్ను ఊడవనివ్వడు కూడా. అంత కసి."

"కసి అనుకుంటున్నావా?"

"మరేమనుకోను? నీకు తెలియదా ఆయన సంగతి? మా చర్చిలో బొమ్మలు పగిలిన రోజు సాయంత్రం, ఆ గుంపులో మా గిలిస్ కూడా ఉన్నాడని పక్కింటివాడు వచ్చి చెప్పాడు. రొట్టె కోస్తున్నవాడు కోస్తున్నట్టే, వీడు నాకు చచ్చాడు అన్నాడు. కత్తి బల్లకి గుచ్చి లేచి పోయాడు. ఆ గాటు ఇంకా ఉంది. దాని మీద గిన్నె బోర్లిస్తాను నేను."

"ప్రతి తండ్రీ అంటాడమ్మా అలాంటి మాట. నిరుడు ఈ ఊళ్ళో సగం మంది తండ్రులు అన్నారు."

"అన్నారు. అని ఊరుకున్నారు. ఎవరూ రంగు పెట్టి రాయించలేదు."

"అమెల్, ఒకటి అడుగుతా. మీ పలక మీద ఇదివరకున్న ఆ మూడు శిలువలు చెరిపింది ఎవరో నీకు తెలుసా?"

"గుంపు."

"గుంపు కాదు. నేను రోజూ చూస్తున్నా కదా. నడిమి పలకలో మరియమ్మ మొహం ఉంది, అది గొడ్డలి పని. రెండు దెబ్బలు, చెక్క చీలి బయటికొచ్చింది. పునీతుడి కళ్ళు మేకుతో పొడిచారు. కానీ మీ ఇంటివాళ్ళ బొమ్మలున్న పక్క రెక్కలకొస్తే, ఆ శిలువలు మాత్రం సన్నటి కత్తితో గీకినవి. తనెకెన్ తలమీద శిలువకి, టోపీ అంచుకి మధ్య గింజంత చోటు కూడా లేదు. టోపీ దారం తెగలేదు. నాకే చేతకాదు అంత జాగ్రత్త."

"తెలుసు."

"తెలుసా?"

"మా గిలిసే. ఆ రాత్రి వాడి వేలిగోటి కింద ఎర్రగా ఉంటే రక్తమనుకుని కడగబోయా. రక్తం కాదు, రంగు అమ్మా అన్నాడు. ఎందుకురా నీ చెల్లెళ్ళ బొమ్మ పాడుచేశావంటే, పాడుచెయ్యలేదు, వాళ్ళ మీద వేసిన గుర్తు తీసేశాను అన్నాడు. చచ్చినవాళ్ళకి వేరే గుర్తేమిటి, దేవుడి దగ్గర అందరూ బతికున్నట్టే, మనం డబ్బిచ్చి ప్రార్థనలు కొంటే గానీ వాళ్ళని లోపలికి రానివ్వడా ఆయన, అన్నాడు. పొలాల్లో కొత్త మతం బోధకుల ప్రసంగాలు విని వచ్చి అవే అప్పజెప్పేవాడు నాకు, పిండి కలుపుతుంటే పక్కన కూచుని. నాకు సగం అర్థమయ్యేది కాదు."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. చెంప మీద ఒకటి ఇచ్చా కూడా. మర్నాడు చర్చికి పోయా, ఎంత పాడైందో చూద్దామని. నేల మీద బొమ్మల చేతులు, తలలు. మా పలక గోడకి వాల్చి ఉంది. అన్నా, ఇది ఎవరితోనూ అనకు. శిలువలు లేకుండా నా పిల్లలందరూ వరసగా మోకాళ్ళేసి ఉన్నారు. ఎవరు పోయారో ఎవరు ఉన్నారో తెలియట్లేదు. పరాయివాళ్ళు చూస్తే, ఈవిడకి ఎంతమంది పిల్లలో అనుకుంటారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయా. తప్పే అనుకో. ప్రార్థన చేసేవాళ్ళు లేకపోతే ఆ పసివాళ్ళ గతి ఏమిటని మళ్ళీ భయమూ వేసింది. అందుకే ఆయన పలక నీ దగ్గరికి పంపిస్తానంటే సరేనన్నా. మూడు వెయ్యి. వాటికి అడ్డం చెప్పను."

"మూడు వేశాను. అయిపోయాయి అవి."

"మరి నాలుగోది?"

"వెయ్యలేదు. రంగు నూరి పెట్టా. రెండుసార్లు కుంచె తీశా. చెయ్యి పోవట్లేదు."

"చూశావా, నీ చేతికే తెలుస్తోంది అది పాపమని. వాణ్ణి ఎరిగినవాడివి. చిన్నప్పుడు నువ్వు వాడి మొహం వేస్తుంటే ఒక్క క్షణం కుదురుగా నిలబడలేదని నీ గరిటతో కొట్టావు, జ్ఞాపకముందా?"

"గరిట కాదు, రంగు కత్తి. వెనకవైపుతో. నా నూనె డబ్బాలో రొట్టె ముంచి తిన్నాడు వెధవ. రెండు రోజులు బయటికి పరుగెత్తాడు."

"వాడింకా అంతే. ఏది కనపడితే అది నోట్లో పెట్టుకుంటాడు. చలి మాత్రం ఓర్చుకోలేడు. వాడు తప్పించుకుపోయిన ఆ ఎమ్డెన్‌లో సముద్రపు గాలంట, ఎముకలు కొరుకుతుందంట. ఉన్ని బనీను పెట్టి పంపాను గానీ."

"ఎమ్డెన్‌లో ఉన్నాడని ఎలా తెలుసు?"

"చెప్పి పోయాడు కదా. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు, నేతపని దొరుకుతుంది, గొడవలు తగ్గాక నిన్ను, లీస్‌బెత్‌ని పిలిపించుకుంటా అన్నాడు."

"తరవాత కబురేమైనా?"

"చలికాలం పడవలు తిరగలేదు. ఇప్పుడు తిరుగుతున్నాయి. వస్తుంది. ఎందుకట్లా చూస్తావు?"

"ఏం లేదు. చేప మీద ఈగ వాలింది."

"మొన్న ఉపవాసాల్లో ఆంట్వెర్ప్ బయట పొలాల్లో కొత్త మతం కుర్రాళ్ళని సిపాయిలు నరికారంట కదా, గుడ్డిగా, గడ్డి కోసినట్టు. అది విన్నప్పుడు ముందు వీడే గుర్తొచ్చాడు. మళ్ళీ నాకు నేనే సర్దిచెప్పుకున్నా. మావాడు అక్కడెందుకుంటాడు, వాడు ఎప్పుడో సముద్రం దాటాడు అని. వాడికి కత్తి పట్టుకోవటం కూడా రాదు. కోడిని కొయ్యమంటే పారిపోతాడు."

"అమెల్, పలక సంగతి నువ్వూ లీవెన్నూ ఇంట్లో కూచుని మాట్లాడుకోండి. నేను పండగ దాకా ఆపుతాను."

"ఆపితే ఆయన ఇంకో చిత్రకారుడి దగ్గరికి పోతాడు. వాడికి గిలిస్ ఎవరో తెలియదు, చటుక్కున వేసేస్తాడు. అందుకని నేనొక మాట ఆలోచించుకుని వచ్చా. చెప్పనా?"

"చెప్పు."

"వాణ్ణి చెరిపెయ్యి."

"ఏమిటి?"

"పలకలోంచి తీసెయ్యి. తండ్రి వెనక మోకాళ్ళేసి ఉన్నాడు కదా, అక్కడ ఒక స్తంభం వెయ్యి. తెరో, చెట్టో, నీ ఇష్టం. కుక్కనన్నా వెయ్యి. ఆయన కోపం తీరుతుంది. కొడుకు లేడనుకోవాలి, అంతేగా? లేకుండా చేసెయ్యి. చెరిపినా బతికుంటాడు అన్నా. శిలువ పడితే బతకడు. ఎక్కడున్నా తగులుతుంది వాడికి. నాకు తెలుసు."

"పన్నెండేళ్ళ కింద నేను వేసిన మొహం అమెల్. ఈ ఊళ్ళో పిల్లల మొహాలు చాలా వేశాను. వాటిల్లో నాకు నచ్చినదది. దాని మీద కుక్కని వెయ్యమంటావా?"

"నాకు మాత్రం సరదానా? ఆ పలక దగ్గరికి పోయి నేను రోజూ చూసుకునేది ఆ మొహమే కదా. అయినా అడుగుతున్నా. మా ఆయన అడిగితే, చెక్క పాడైంది, నిలవలేదు, అందుకే మూసేశానని చెప్పు."

"ఆయనకి అబద్ధం చెప్పలేను."

"ఎందుకు? ఆయనంటే అంత భయమా?"

"భయం కాదు."

"మరి? ఆయన్ని వెనకేసుకొస్తున్నావు ఇందాకట్నుంచి. మగవాళ్ళు మగవాళ్ళు ఒకటే మీరు. కొడుకు తన మాట వినలేదని వాణ్ణి చంపి రంగు పూయించే మనిషి, ఆయనకి నువ్వు అబద్ధం చెప్పలేవు. నాకు మాత్రం చేపల కబుర్లు చెబుతావు."

"లీవెన్ అలాంటివాడు కాదమ్మా."

"అలాంటివాడే. సరే, వెయ్యి. వేసుకోండి ఇద్దరూ కలిసి. నేను పోతున్నా."

"ఇంటికేనా?"

"ఇంటికి పోయి మూట కట్టుకుంటా. రేపు పొద్దున పడవ ఉంది. లీస్‌బెత్‌ని తీసుకుని ఎమ్డెన్ పోతున్నా. బిడ్డ చావు కోరినవాడితో ఒక కప్పు కింద ఇంకొక్క పూట ఉండను. ఈ మాట నువ్వే ఆయనకి చెప్పు. నాతో మాట్లాడడు కదా."

"వెళ్ళకు."

"ఎందుకు వెళ్ళకూడదు?"

"దూరం. తోవలో సిపాయిలున్నారు. చిన్నపిల్లతో..."

"నా కొడుకు అంత దూరం పోలేదా?"

"అమెల్, వెళ్ళకు. అక్కడ నీకెవరూ లేరు."

"గిలిస్ ఉన్నాడు."

"కూర్చో చెల్లెమ్మా."

"కూర్చోను. వచ్చినప్పటి నుంచి కూర్చో కూర్చో. ఎందుకు కూర్చోమంటావు నన్ను?"

"లీవెన్ నాచేత ప్రమాణం చేయించుకున్నాడు. ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన రోజు ముందు ఇక్కడికే వచ్చాడు, బండి వీధి చివర వదిలేసి. ఇదిగో, ఈ పీట మీద కూచున్నాడు. మోచేతుల దాకా ఆ పొలాల మట్టి. గోళ్ళు విరిగి ఉన్నాయి. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. అమెల్‌కి నా మీద కోపం ఉండనీ, కోపంతోనన్నా లేచి తిరుగుతుంది అన్నాడు."

"నాకు ఏం చెప్పొద్దన్నాడు? ఎందుకు మట్టి? అన్నా, ఏం చెప్పొద్దన్నాడు నాకు?"

"ఆ శిలువ ఆయన కోపంతో వెయ్యమన్నది కాదమ్మా."