సాబ్ చూసే ఉంటడు

హలో… ఆ, నేనే. చెప్పు శివూ, వదినెనే.

లేదు, పండుకోలేదు. మీ అన్న చెట్టు మీదికెల్లి పడ్డ దినం నుంచి నాకు పగటి నిద్ర లేదు. అది గూడ ఆదివారమే గద. నేను బియ్యం చెరుగుతున్న, ఫోన్ మోగింది. చాటల బియ్యం చాటలనే ఉన్నయి… ఎవ్వరు ముట్టలే. చివరికి పిచ్చుకలు తిన్నయి.

ఏం లేదు. ఊరికె యాదికొచ్చింది. నువ్వు చెప్పు.

…ఎక్కడున్నవు?

బడి తొవ్వల అంటే… మీ అన్న పడ్డ చింతచెట్టు కిందనా?

…

ఆ. ఇంటున్న.

చూసెతందుకు పోయినవా, ఎక్కెతందుకు పోయినవా?

చూసెతందుకైతే తాడెందుకు, మిషన్ రంపమెందుకు? మూలకున్న సామాను పొద్దుగాల లేదు. నేను చూసిన. అత్తమ్మ అడిగితే, భాల్కిల రిపేరుకిచ్చిండు అన్న. ఆమెతోటి ఎన్నడు అబద్ధం ఆడలే, ఈ దినం నీ కోసం ఆడిన.

— ఏం లేదత్తమ్మా, శివు. ఆ, వస్తడు, అన్నానికి వస్తడు. నువ్వు ఒరుగు.

ఆ, చెప్పు.

ఎవరన్నరు? కాశప్పనా?… పంచాయతి మెంబరు, ఆయన అనకుంటె ఎవరంటరు. రేపు బడి తెరుస్తున్నరు, చీలిన కొమ్మ పిల్లల నెత్తి మీద వేలాడుతుందని ఆయన చెప్తెనే నాకు తెల్వాల్నా? నేను ఆ బడి టీచర్ను. తొవ్వకు అడ్డం ముండ్లకంప వేసిండ్రు, ఆ కంప కిందికెల్లి పిల్లలు దూరుకుంట వస్తరు, అది గూడ నేను చూసిన.

రేపటి నుంచి పిల్లలందరిని కాశప్ప చెరుకు చేన్లకెల్లి నడిపిస్త. చెరుకు విరిగితె విరుగనీ. అప్పుడు బీదర్ నుంచి క్రేన్ ఆయనే పిలిపిస్తడు, జల్ది.

…నవ్వకు. నేను నిజంగనే అంటున్న.

క్రేన్ ఆ సందుల పట్టదా. మరి సందు వెడల్పు చేపియ్యమను. కాశప్ప గోడే గద అడ్డమున్నది.

…శివూ, నువ్వు నేర్చుకోలేదని నేను అన్ననా? మిలిట్రీ నుంచి వచ్చినోళ్లంత బ్యాంకు గేటు కాడ తుపాకి వట్టుకొని స్టూలు మీద కూసుంటె, మీ అన్న కూసోనన్నడు. పుణెకు పోయి చెట్లెక్కుడు నేర్చుకొచ్చిండు. ఊరంత నవ్విండ్రు, హవల్దార్ సాబ్ కట్టెలు కొట్టుడు షురూ చేసిండని. కట్టెలు కొట్టుడు కాదు, చెట్టుకు డాక్టర్ పని అని ఆయన ఇంటింటికి చెప్పుకొని తిరిగిండు. పుచ్చిన కొమ్మ తీసేస్తె చెట్టు బతుకుతది, నరికేస్తె ఏముంటది అనేటోడు. నువ్వు ఆయన తొవ్వలనే వచ్చినవు. నాకు సంతోషమే.

గని సర్టిఫికెట్ చేతికొచ్చి ఎన్ని దినాలాయె? నీ అంతట నువ్వు ఎక్కిన చెట్టు ఏది, చెప్పు.

…హళ్ళిఖేడ్ల మామిడిచెట్టు. ఆ. అది నిచ్చెన ఏసుకొని ఎక్కినవు. ఎండుపుల్లలు తీసినవు.

…హాజరు తీస్తున్ననా? తియ్యనీ. టీచర్ను, అలవాటు పోదు.

కోపం చెయ్యకు. అన్న పని సగంల ఉంది అంటవు. సగంల ఇడిసిపెడితె సిగ్గు అంటవు. మీకు పల్టన్ల నేర్పింది అదే. …ఆ కొమ్మకు మీ అన్న ఎవరో తెల్వదు శివూ. నువ్వెవరో తెల్వదు. అది బరువు చూస్తది, అంతే.

…గాలి ఎట్లుంది అక్కడ? ఇక్కడ మంచిగ లేదు. కమలనగర్ దిక్కు మబ్బు కట్టింది, కాకులన్ని ఒక్క తీరుగ అరుస్తున్నయి.

రెండే రెండు కోతలంటవు. …అట్లనా.

కింద ఎవరున్నరు, తాడు వట్టెతందుకు?

…

నథానియేల్ అన్ననా.

…లేదు, ఉన్న. ఇంటున్న.

కోపం కాదు. ఆయన మీద నాకు కోపమెందుకు? మీ అన్నతోటి ఒక్క పల్టన్ల ఉన్న మనిషి. పుణెకు గూడ ఇద్దరు కలిసే పోయిండ్రు. ఆ దినం బీదర్ దాక బండ్ల మీ అన్న చెయ్యి ఇడువలే. కోపం కాదు.

ఆగు… పెరట్లకు వస్త. ఇక్కడ అత్తమ్మ ఇంటది.

…ఆ. ఇప్పుడు ఇను. నన్ను మాట్లాడనియ్యి, నడుమ రాకు. మాట సరిగ్గ చెప్పాలె.

నువ్వు ఎక్కకముందు ఆయన నీకొక సంగతి చెప్పాల్సి ఉన్నది.

…నేను చెప్పేది కాదు. ఆయన నోటితోటే రావాలె. …నాకెట్ల తెలుసంటె, నాకు చెప్పిండు. మీ అన్న దినాలు అయిపోయి నువ్వు పుణెకు మర్లినాంక, వంటింటి తలుపు కాడ నిలవడి చెప్పిండు. లోపలికి రమ్మంటె రాలే.

లేదు శివూ, నువ్వు అనుకునే అసొంటిది కాదు. దొంగతనం కాదు, మోసం కాదు. …నువ్వు ఊహించకు. ఫోన్ ఆయనకియ్యి.

ఇయ్యి. నేను మాట్లాడిందాక చెట్టు ముట్టకు. మాటియ్యి.

…‘ఆ ఆ’ అంటె అయిపాయెనా? సరే. ఇయ్యి.

…

అన్నా, నమస్తె. ఆ, మంచిగనే ఉన్న. పిల్లలు మంచిగున్నరా?

శివు పక్కన ఉన్నడా?… దూరం పోయిండా. సరే. ఆ సంగతి ఆయనకు చెప్పినవా?

…చెప్పలే.

నేను నిన్ను తప్పు వడుతలేను. అన్నా… అన్నా, ఏడ్వకు. ఇప్పుడు ఏడ్చే యాళ్ల కాదు. ఇను.

నువ్వు నాకు చెప్పింది నేను మల్ల చెప్త. తప్పుంటె దిద్దు. మీ సాబ్ నడుము తాడు కట్టుకున్న కొమ్మకు వెనకదిక్కు కుక్కగొడుగులు మొలిచినయి. పైనున్న ఆయనకు కనవడలే, కిందున్న నీకు కనవడ్డయి. కుక్కగొడుగు మొలిస్తె లోపల కట్టె పుచ్చినట్టని మీ ఇద్దరికి పుణెల నేర్పిండ్రు. మిషన్ చప్పుడుల మాట ఇనవడదని కిందిమనిషి మెడల విజిల్ ఏస్తరు. కిందిమనిషి ఊదితె పైమనిషి ఎందుకని అడుగకుండ చెయ్యి ఆపాలె. అది కాయిదా. నీ మెడల విజిల్ ఉండె. నోట్ల గూడ పెట్టుకున్నవు.

ఊదలే.

…అంతే గద?

ఎందుకూదలేదో గూడ నువ్వే చెప్పినవు. పల్టన్ల విజిల్ ఊదేది పెద్దోళ్లు. సిపాయి అయినోడు హవల్దార్ మీద ఎన్నడు ఊదడు. నువ్వు కిందికెల్లి చూసుకుంట, ‘సాబ్ చూసే ఉంటడు’ అనుకున్నవు.

…అవు. చూడలే.

నేను మన్నించుడు వేరె సంగతి అన్నా. అది ఇంకొకనాడు మాట్లాడుదం, నాకు గూడ ఇంకా తెల్వదు. ఇప్పుడు శివు ఉన్నడు ముందట. శివు మిలిట్రీకెల్లి నాయక్ అయి వచ్చిండు, నువ్వు ఒక మెట్టు కింద, సిపాయిగనే వచ్చినవు. వయసుల నీ తమ్మునికన్న చిన్నోడు. అయినా ఆయన్ను ఏమని పిలుస్తున్నవు?

…‘చోటే సాబ్’.

అందుకే అడుగుతున్న. ఆయన మీద నువ్వు ఊదుతవా?

…

గట్టిగ చెప్పు. ఊదుత అను.

…అంటలేవు. అయితె ఆయన్ను ఎక్కనియ్యకు. ఆయనకు ముందుగాల సంగతి చెప్పు, చెప్పినాంక గూడ ఆయన నిన్నే కింద నిలవెడ్తె, అప్పుడు ఎక్కనీ. తెలిసి ఎక్కుతడు. తెల్వక ఎక్కుడు వద్దు—

ఏం చప్పుడది?

అన్నా, అది మిషన్ చప్పుడు.

…ఎక్కిండా? నాకు మాటిచ్చిండు గద! నువ్వు నాతోటి మాట్లాడుతుంటెనే ఎక్కిండా? మరి తాడు ఎవరు వట్టిండ్రు?… చెట్టు మొదలుకే కట్టేసుకున్నడా. ఒక్కడే.

…సరే. సరే. పైకి చూడు. ఫోన్ చెవుకాడనే ఉండనీ, కండ్లు పైన పెట్టు. ఏం కనవడితె అది చెప్పు. ఒక్కొక్కటి చెప్పు, బొమ్మ చూసి చెప్పినట్టు.

ఆ. …ఆ. …చీలిక కాడ కాలు పెట్టిండు. …కొమ్మ కొసకు తాడు కట్టిండు. …ఆ.

పొడి రాలుతుందా? రంపం పెడితె పొట్టు రాలుతది గద అన్నా.

…నల్లగుందా.

రంపం కాడికెల్లి కాదా? ఆయన కాలి కిందికెల్లి?

…

ఆయనకు కనవడదు. కాలి కిందున్నది ఎవరికి కనవడుతది? …లేదు, చూసి ఉండడు. మల్ల అదే మాట అంటున్నవు. చూడలే. నువ్వు చూసినవు.

విజిల్ ఉందా?… నోట్ల పెట్టుకో.

ఊదు.

…అన్నా, ఊదు.

హుకుం కావాల్నా నీకు? హవల్దార్ పెండ్లాన్ని, నేను ఇస్తున్న హుకుం. ఊదు!

…

…ఆ. ఇంకొకపారి.

…ఆగింది. మిషన్ ఆగింది. నాకు ఇనవడ్డది.

— ఏం లేదత్తమ్మా. నువ్వు బయటికి రాకు, గాలిదుమ్ము లేస్తుంది. ఏం లేదు అన్న గద.

అన్నా, ఇప్పుడు దిగుమను. …ఎందుకని అడుగుతుండా? ఒక్క ముక్క చాలు. ‘కాలి కింద పొడి రాలుతుంది, దిగు’. …చెప్పినవా?

నమ్ముతలేడా. …అన్న నిలవడ్డ కాడనే నిలవడ్డ అంటుండా. అది గట్టిదంటనా. …

‘వదినె దిగుమంటుంది’ అను. …అన్నవా? ఏమంటుండు?… నా మాట అట్లనే ఉంటదంటనా. మంచిది. అననీ.

నిన్నేమన్నడు?… ‘సిపాయివి, నాకు చెప్తవా’ అన్నడా.

…అన్నా, ఆయన పైన ఉన్నడు, భయంల ఉన్నడు, నోటికొచ్చింది అంటడు. పట్టుకోకు.

…ఏమంటున్నవు? ఏం చెప్త అంటున్నవు?

వద్దు. ఆ సంగతి ఇప్పుడు వద్దు. చెప్పుమన్నది నేనే, గని ఇప్పుడు కాదు. ముందుగాల దిగనియ్యి. కాళ్లు నేల మీద పెట్టినాంక చెప్పు, నేనొచ్చి నీ పక్కన నిలవడ్త. …అన్నా, ఇనవడుతుందా? నథానియేల్ అన్నా! కుక్కగొడుగుల మాట ఎత్తకు. అన్నా, వద్దు, పైనున్న మనిషికి చెప్పే మాట కాదది—

…

…

చెప్పినవా.

…అంత చెప్పినవా. విజిల్ సంగతి గూడ.

ఏమన్నడు?

…ఏం అంటలేడా. …దిగుతుండా మరి?

…ఊకె కూసున్నడు. ఎక్కడ? చీలిక మీదనా?

నీ దిక్కు చూస్తుండా? …ఎటు చూస్తలేడు.

అన్నా, ఆయనతోటి మాట్లాడుకుంటనే ఉండు. ఇడువకు. తిడితె తిట్టనియ్యి. కొడ్త అంటె కిందికొచ్చి కొట్టుమను, నిలవడి కొట్టిచ్చుకో. …ఏదన్న మాట్లాడు. అత్తమ్మ జొన్నరొట్టెలు చేసింది, సల్లారుతున్నయి అను. పేరు పెట్టి పిలువు. చోటే సాబ్ అనకు. శివు అను.

…అన్నవా? ఇంకొకపారి అను.

గాలొచ్చిందా అక్కడ? …ఇక్కడ గూడ వచ్చింది, పెరటి తలుపు కొట్టుకుంటుంది. నేను వస్తున్న. వదినె వస్తుందని చెప్పు ఆయనకు. కొమ్మ ఊగుతుందా?… ఎంత ఊగుతుంది?

ఫోన్ కింద పెట్టు అన్నా. పెట్టి ఆ మొదలుకున్న తాడు రెండు చేతులతోటి వట్టుకో. పెట్టు… ఆగు, కట్ చెయ్యకు, అట్లనే పెట్టు, నేను ఇంటుంట—

…

…అన్నా? అదేం చప్పుడు?

హలో… హలో… అన్నా…

…

కట్టయ్యింది అత్తమ్మా. నా చెప్పులు ఏడున్నయి?… ఏడ్వకు. పడ్డడని ఎవ్వరు అనలే. ఎవ్వరు ఏం అనలే.

శివు ఇంకా చెట్టు దిగలే, అంతే.