ట్యాంకు బయట వరదయ్య

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా షంషుద్దీన్ టీకొట్టు. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, వరదయ్య వచ్చి బల్ల మీద మఠం వేసేవాడు. ఒక టీ తాగితే మూడు కథలు చెప్పేవాడు. కోతలు కోయడంలో అతన్ని మించినవాడు దుత్తలూరు నుంచి సోమశిల దాకా లేడు. అవి కోతలని తెలియనివాడూ లేడు. అయినా వినేవాళ్ళు. ఎర్రటెండలో బస్సు కోసం కాచుకున్నవాడికి అంతకంటే వేరే పనేముంటుంది?

షంషుద్దీన్ వినడం మాత్రం కాలక్షేపానికి కాదు. అతని కొడుకు ముస్తాకూ, వరదయ్యా ఒకే కంపెనీలో పనిచేశారు. ముస్తాకు అక్కడే పోయాడు. తొమ్మిది నెలలైంది. వరదయ్య కథల్లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. అందుకని షంషుద్దీన్ టీ మరగబెడుతూ చెవి అటే వేసేవాడు.

ఆ రోజు మర్రిపాడు లారీ డ్రైవరు పెంచలనరసయ్య వచ్చి కూర్చున్నాడు. ఆ కొట్టుకు కొత్త. కొత్త చెవులు దొరికితే వరదయ్యకు పండగే.

“మా కంపెనీ అంటే ఏమనుకున్నావు అబ్బాయా? పెద్దాయన, ముగ్గురు కొడుకులు. పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. పెద్దోడికి రాకెట్లు, నడిపోడికి కరెంటు, చిన్నోడికి వంతెనలు. ముగ్గురికీ మంచి వెల్డరు కావాల్సొస్తే గుర్తొచ్చేది ఒకటే పేరు, నాది. ముందు చిన్న సంగతే చెప్తా, నమ్మేదే చెప్తా. కరెంటు ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం కారింది. జోరున వాన. ఎడంచేత్తో గొడుగు పట్టుకోని కుడిచేత్తో అతికించేసినాను. అదేం పెద్ద పని కాదులే.”

“గొడుగు పట్టుకోనా?” అన్నాడు పెంచలనరసయ్య.

“మరి తడిస్తే షాకు కొట్టదా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిన్నసారు ఫోను. ఏటి మీద వంతెన, రెండు కొసలూ కలవాల, మూరెడు కొరవ పడింది. ఇంజనీర్లంతా తల పట్టుకోని కూచోనుండారు. నేను పొయ్యి, ఇనుమును ఎర్రగా కాల్చి, కొస పట్టుకోని లాగినాను. సాగింది. మూరెడు కాదు, ఇంకో జానెడు ఎక్కువే సాగింది. ఆ జానెడు కోసి ఇంటికి తెచ్చుకుంటే మా ఇంటామె దోసెపెనం చేయించుకుంది.”

బల్ల మీదివాళ్ళు పకపకా నవ్వారు. నవ్వు వినపడితే వరదయ్యకు పగ్గాలుండవు.

“ఇదొక లెక్కా? రాకెట్టు సంగతి వినండి. మైకులో లెక్క మొదలెట్టినారు. పది, తొమ్మిది, ఎనిమిది. ఎనిమిది కాడ పెద్దసారు కంట్లో పడింది, ట్యాంకు మీద ఎంట్రుకంత పగులు. ‘వరదయ్య యాడుండా రావాల’ అని అదే మైకులో పిలిచినారు. ఎక్కినాను. అతికిస్తా ఉండాను. లెక్క అయిపొయ్యింది, అది లేచింది. మధ్యలో దిగితే పని సగంలో నిలిచిపోతాది గదా, దిగలా. మబ్బుల్లో ముగించినాను. కిందికి చూస్తే ఉదయగిరి కొండ చీమలపుట్టంత ఉండాది. గురి చూసుకోని సోమశిల నీళ్ళలోకి దూకినాను. చేపలు పట్టేవాళ్ళు వలేసి లాగి, ఇంత చేపను మా తాతలు గూడా చూళ్ళేదన్నారు.”

పెంచలనరసయ్య కళ్ళు తుడుచుకున్నాడు. “అంత మొనగాడివి, మరి ఆ కంపెనీ ఎందుకు ఇడిసిపెట్టినావు అన్నా?”

తాను ఎవరి చేతి టీ తాగుతున్నాడో పాపం అతనికి తెలియదు. తెలిసినవాళ్ళ నవ్వు ఆగిపోయింది. వరదయ్య కూడా అక్కడ ఆగాల్సింది. కానీ పల్లంలో పడ్డ బండి, అది ఆగే రకం కాదు.

“మా ముస్తాకు కోసం ఇడిసినాను. ట్యాంకు లోపల వెల్డింగు చేస్తా ఉండాడు. ఆర్గాన్ గ్యాసు నిండిపొయ్యింది. దానికి రంగుండదు, వాసనుండదు, రెండు గుక్కలు పీలిస్తే మనిషి పడిపోతాడు. ఒక్కడన్నా దిగితేనా? నేను దిగినాను. ముప్పావుగంట ఊపిరి బిగబట్టినాను. భుజాన ఏసుకోని బయటికి తెచ్చినాను. నా ఒళ్ళో కళ్ళు తెరిచినాడు. ‘మామా, నొప్పేం లేదని నాయనకు చెప్పు’ అన్నాడు. అంతే.”

మొదటి నెలలో ఇదే కథలో ఆ ఊపిరి రెండు నిమిషాలు. రంజాన్ నాటికి పది. షంషుద్దీన్ ఏనాడూ అడ్డం చెప్పలేదు. ముస్తాకు పుట్టి బుద్ధెరిగాక తనను అబ్బా అనే పిలిచాడు గాని నాయనా అనలేదు. అది తెలిసీ ఊరుకున్నాడు. నొప్పేం లేదన్న ఆ ఒక్క ముక్క కోసం మిగతాదంతా మింగాడు. ఇంటికి పోయి కోడలు జీనత్‌కు ఆ ముక్క చెప్పాడు కూడా.

కానీ ఆ రోజు పొద్దున, ముస్తాకు కేసు చూస్తున్న వకీలు ఒక జిరాక్సు కాగితం పంపాడు. షంషుద్దీన్ చేతులు తుడుచుకుని, జేబులోంచి దాన్ని తీసి బల్ల మీద పరిచాడు.

“ఈ రాత నీదేనా వరదయ్యా?”

వరదయ్య చూశాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

ట్యాంకులోకి మనిషి దిగితే బయట మ్యాన్‌హోలు దగ్గర ఇంకో మనిషి నిలబడాలి. పావుగంటకోసారి లోపలివాణ్ణి పేరు పెట్టి పిలవాలి. పలికితే టైము వేసి ‘పలికినాడు’ అని రాయాలి. పలక్కపోతే గంట కొట్టాలి. వరదయ్య ఉద్యోగం అదీ. వెల్డింగు అతను చూడటమే గాని చేసింది లేదు. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ముస్తాకే. “నీ నోరెట్టాగూ ఆగదు గదా మామా, బయట నిలబడి వాగతా ఉండు, నాకు లోపల ధైర్యంగా ఉంటాది” అన్నాడట.

“తొమ్మిదింబావు, పలికినాడు. తొమ్మిదిన్నర, పలికినాడు. ఇట్టా ఒంటిగంట దాకా ఉండాది,” అన్నాడు షంషుద్దీన్. గొంతు పెంచలేదు. “ఒంటిగంట దాకా బాగుండాడంట, భోజనాలప్పుడు ఎవురికీ చెప్పకుండా మళ్ళీ దిగినాడంట, తప్పు వాడిదేనంట. రేపు నెల్లూరు విచారణలో కంపెనీవాళ్ళు చూపించేది ఈ కాగితమే. శవాన్ని కోసిన డాక్టరు నాతో నోటిమాటగా చెప్పినాడు, ఎనిమిదిన్నరకు తిన్న దోసె కడుపులో అట్టే ఉండాది, పదికి ముందే పోయుంటాడని. రాసియ్యనన్నాడు. పది తర్వాత నీకు పలికింది ఎవురు వరదయ్యా?”

బస్సు ఒకటి వచ్చి ఆగింది. బల్ల మీద నుంచి ఎవరూ లేవలేదు.

“పొద్దున్నే రాసేసినాను బాయ్,” అన్నాడు వరదయ్య. “ఒకేసారి రాసేస్తాం. అందరమూ అట్టే చేస్తాం.”

“పిలవలేదా?”

“రెండుసార్లు పిలిచినాను. పలికినాడు. ఆమీట క్రేను నీడకు పొయ్యినాను. కొత్తోళ్ళు వచ్చుండారు. కథ చెప్తా కూచున్నాను.”

“ఏం కథ?”

“రాకెట్టుది. భోజనాల గంట కొట్టిందాకా చెప్పినాను.”

షంషుద్దీన్ వదల్లేదు. జవాబు తెలిసే అడిగాడు. “నీ ఒళ్ళో ఏమన్నా అన్నాడా?”

“నేను దిగనే లేదు బాయ్. తాళ్ళేసి లాగినారు. నేను అంత దూరాన నిలబడుండాను. ఏమీ అన్లా.”

కోపం రావాల్సిన చోట షంషుద్దీన్‌కు ఏడుపొచ్చింది. కొడుకు చివరి మాట అని తొమ్మిది నెలలు గుండెలో దాచుకున్నది కాస్తా పోయింది.

“రేపు ఏడింటి బస్సుకు నాతో రా. ఇప్పుడు చెప్పినావే, ఇదే చెప్పాల. ఏమీ కలపబాకు.”

“జైల్లో ఏసినా చెప్తా బాయ్,” అన్నాడు వరదయ్య. తల ఎత్తలేదు. “కానీ మా మేనేజరు ఊరకుంటాడా? వీడు రాకెట్టు మీద నుంచి దూకినోడు సార్ అంటాడు. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా సాక్ష్యం చెప్తాది. నా మాట ఎవురు నమ్ముతారు?”

బల్ల మీద నలుగురున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గాని, నమ్ముతారులే అన్న మాట ఒక్కరి నోట రాలేదు.

“నేను నమ్మినాను గదా, తొమ్మిది నెలలు,” అన్నాడు షంషుద్దీన్. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్టవ్వు ఆపి, కొట్టు కట్టేశాడు.