రేడియో మోగితే

పొందూరులో స్టేషనుకు వెళ్లే దారిలో, పొద్దుటి నడకకు వచ్చిన ఒక పెద్దామె మళ్లీ ఆగిపోయింది. నలభై ఏళ్లు రాట్నం ముందు కూర్చుని నూలు వడికిన మనిషి. ముందు నడుస్తున్న కోడలు వెనక్కి వచ్చింది.

"ఏటత్తా, ఆగిపోనావు? సుగరు దిగకపోతే కళ్లు పోతాయని డాక్టరు సెప్పలేదా?"

"నువ్వు సెవిలో ఎట్టిన రేడియో నాటకం మొదలయినాదే. కాలు కదల్నేదు."

"ఫోన్లో ఆకాశవాణోలవి ఇంకా సానా ఉన్నాయి. పంటల కబుర్లు ఎట్టనా?"

"నిన్న అదే కదా ఎట్టావు. ఆ గట్టు కాడ అరగంట నిలబడిపోనాను."

"పోనీ, హరికథ?"

"దేముడి మాటయితే మరీ లెగలేను."

"లెగడమేటత్తా? నిలబడే ఉన్నావు కదా!"

"రేడియో మోగితే నాకు రాట్నం ముందు కూకున్నట్టే ఉంటాదే. ఇన్నేళ్లూ అలాగే ఇన్నాను. నా సేతులు సూడు."

కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతోంది. ఎడమచెయ్యి లేని దారాన్ని పైకి లాగుతోంది.

"అయితే రేడియో కట్టేస్తాను. ఊరికే నడు."

"ఊరికే నడిస్తే మోకాళ్లు ఒకటే పోటు. నాలుగడుగులు ఎయ్యలేను. రేడియో ఇంటన్నంతసేపూ ఆ నొప్పే తెలీదు. దేముడు కాలికీ సేతికీ ఏరేరు బుద్ధులు ఎందుకెట్టాడో!"

కోడలు ఫోనులో టైము చూసింది. ఎండ ఎక్కుతోంది.

"ఇంటికి పోదారా, అత్తా."

"ఉండవే. సేతిలో దూది ఏకు అయిపోనీ."