సాజిదా నొక్కిన బటన్

పనిలకెళ్లి గట్లెట్ల తీసేస్తవ్ ఇజాజ్? సాజిదా చేసిన తప్పేంది? లెక్కలు చూడాల్నంటే ఫలానా బటన్ నొక్కమని కాగితం రాసి అతికించింది నేనే కదా. నొక్కింది. గంతే.

కూసో, లేవకు. ఈ పాల సెంటర్‌కు మేనేజరువైతే అయినవ్ గని, నా దగ్గర టైపు నేర్చుకున్నప్పుడు గూడ గిట్లనే సగంల లేచి పోతుంటివి.

నువ్వనేది ఏంది? కల్హేర్ నుంచి, మనూర్ నుంచి వచ్చిన పాలు ట్యాంకులనే విరిగినయ్. వేడెక్కితే మోగాల్సిన గంట మోగలే. సాజిదా బటన్ నొక్కంగనే, గంట మోగించే నా ప్రోగ్రాం కూలింది, పాలు దించుకునే హడావుడిల తెర దిక్కు ఎవ్వరు చూడలే. అవు, గట్లనే అయింది. ఎందుకు కూలిందో ఎవరన్న అడిగిన్రా?

నేను రాసిన వరుసలను కంప్యూటర్ల ఒకటి చదువుకుంట, చేసుకుంట పోతది. ఇంటర్‌ప్రెటర్ అంటరు దాన్ని. ట్యాంకు వేడి ఎంతుందో మాటిమాటికి చూసి, దాచుకోనీకి మెమరీల జాగ తీస్కుంటది. ఏ జాగ ఖాళీగ ఉంది, ఏది నిండింది అని దానికో లిస్టు. జాగ తీసినప్పుడల్లా ఆ లిస్టు దిద్దుకుంటది.

బటన్ నొక్కితే సిగ్నల్ పోతది. పని చేసేటోన్ని భుజం తట్టి పిలిచినట్టు. ఎక్కడిదక్కడ ఆపి, నేను చెప్పిన పనికి పోతది. నేనేం చెప్పిన? పొద్దుగాల సంది ఉన్న లెక్కలన్నీ తెర మీద చూపెట్టమన్న. దానికి మళ్ల జాగ కావాలె. లిస్టేమో అప్పటికి సగమే దిద్ది ఉండె. సగం లిస్టునే మళ్ల దిద్దబోయింది. ఇగ ఏం మిగుల్తది?

ఇన్ని నెలలు ఎందుకు కాలేదంటవా? సరిగ్గ ఆ రెప్పపాటుల నొక్కాలె గదా. ఆ దినం పడ్డది. సాజిదా కాకుంటే నువ్వే నొక్కేటోనివి.

సిగ్నల్ వస్తే ఒక నిశాని, గుర్తన్నట్టు, పెట్టి ఊకోవాలె. చేతిల పని అయినంక నిశాని చూసి, అప్పుడు చెయ్యాలె. రెండు వరుసల పని అది, నేను రాయలే.

నవ్వకు. మల్లీశ్వరి టీచరుకు వయసైంది, మర్చిపోయింది, పోనీ అన్నవట ట్యాంకు కాడ. నేను మర్చిపోలే. నాకు తెల్వకుండె. కాలేజీ మెట్లెక్కినదాన్నా? హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న ఒక్క పుస్తకం చదివి రాసిన. ఈ ముచ్చట అందుల లేదు. తెల్వదని ఎంతన్న తిట్టు, పడ్త. మతి లేదని మాత్రం అనకు.

ఏంది? పుస్తకం చూపెట్టమంటవా?

సంచిలనే ఉంది.

నువ్వే తియ్. చీటీ పెట్టిన పేజీ చూడు. ఆ ఇంగ్లీషు వరుస కింద ఎర్ర పెన్సిలు గీత కనబడ్తుందా? పక్కన తెలుగుల రాసింది చదువు. "నిశాని పెట్టి ఊకో." ఎవరి చేతిరాత అది? ఎన్ని కాగితాల మీద నీ తప్పులు దిద్దిన చెయ్యో నీకు తెల్వదా. తారీఖు గూడ ఉంది. ప్రోగ్రాం రాసుడు మొదలుపెట్టకముందు నెలది.

అందుల లేదని ఇప్పుడే అంటి గదా. అబద్ధం. పొద్దుగాలనే చూసుకున్న.

గీత గీసింది యాదికి లేదు ఇజాజ్. ఆ పేజీ చదివింది యాదికి లేదు. ఇయ్యాల చదివితే, ఎన్నడు చూడని ముచ్చట చదివినట్టే ఉండె.

ఎవ్వరికి చెప్పుకుంటవో చెప్పుకో. రేపు పాలబండి వచ్చే యాల్లకు సాజిదాను పిలువు. ఆ రెండు వరుసలు ఆమెనే రాస్తది, పుస్తకం ఆమెకే ఇయ్యి. నేను పక్కన కూసోను. కూసుంటే ఏదో ఒకటి చెప్త, తప్పో ఒప్పో నాకే తెల్వదు. టీచరమ్మ చెప్పిందని, ఆమె గట్లనే రాసేస్తది.